కోత పండుగలో ఫజ్ పెడల్

ఆ ఆదివారం పొద్దున ఇస్సాకు వేసుకున్న పథకంలో ఎక్కడా ఒక్క మెలిక కూడా లేదు. అందరికంటే ముందు చర్చికి వెళ్లాలి. కొత్తగా తెప్పించిన ఫజ్ పెడల్‌ను బేస్ గిటారుకు తగిలించి ఒక్కసారి మోగించి చూసుకోవాలి. తర్వాత దాన్ని సంచిలో దాచేసి బుద్ధిగా ఆరాధనలో కూర్చోవాలి. సాయంత్రం ఆరింటికి పాటల ఆరాధన మొదలయ్యాక దాని మీద కాలు పెట్టి నొక్కాలి. అంతే. ఇంత సులువైన పని కూడా చెడిపోతుందని ఎవరైనా అనుకుంటారా, మీరే చెప్పండి.

ఇస్సాకు జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చక్రాలు బిగించే పని చేస్తాడు. ఆదివారాలు చర్చి బ్యాండులో, స్తంభం వెనక నిలబడి, బేస్ గిటారు వాయిస్తాడు. పెళ్లికి ముందు నుంచీ వాయిస్తున్నాడు కానీ ఇంతవరకూ ఎవరికీ వినపడలేదు. పాపం, అది అతని తప్పు కాదు. బేస్ అంటేనే అంత. డ్రమ్ముల కింద, కీబోర్డు కింద, అంతమంది గొంతుల కింద ఎక్కడో బుడుబుడుమంటూ ఉంటుంది. ఉన్నంతసేపూ ఉన్నట్టు తెలియదు. భార్య ప్రియదర్శిని సైతం, ఆరు తీగల గిటారు నేర్చుకోలేక నాలుగు తీగలదానితో సరిపెట్టుకున్నాడని ఇన్నేళ్లూ లోలోపల జాలిపడుతూ వచ్చింది.

అసలు గొడవ కిందటి నెల మొదలైంది. చర్చికి కొత్త కీబోర్డు వచ్చింది. పాటల బృందానికి పెద్ద జగన్‌మోహన్ గారు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. ఒకరోజు ఇస్సాకును పక్కకు పిలిచారు.

"ఏమనుకోకు బిడ్డా. కృప టీచరు కొత్త కీబోర్డు మీద కుడిచేత్తోని పాట వాయిస్త, ఎడమచేత్తోని బేసు కూడ నేనే వాయిస్త అంటున్నది. నువ్వు వాయించేదైతే నాకు ఎన్నడూ ఇనబడలే. కోత పండుగ నాడు పొద్దుమీకి పాటల ఆరాధన ఉన్నది కద. ఆ రోజు నాకు ఇనబడితే ఉంటవ్. లేకుంటే నీ జాగల రెండు కుర్చీలు ఏపిస్త."

ఆ మాట ఇస్సాకు మనసులో ముల్లులా దిగింది. అతను బిగించిన చక్రాలు ఎక్కడెక్కడి పొలాల్లోనో తిరుగుతుంటాయి, ఎవరు బిగించారో ఎవరూ అడగరు. బేస్ ఒక్కటే తనదనుకున్నాడు. అదీ పోతే ఆదివారం పూట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అతనికి తెలియదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఫోనులో ఫజ్ పెడల్ కనపడింది.

ఫజ్ పెడల్ అంటే సబ్బుపెట్టెంత ఇనుప డబ్బా. కాలితో నొక్కడానికి ఒక పెద్ద బటన్, వేళ్లతో తిప్పడానికి మూడు చిన్న బటన్లు, ఒక ఎర్ర లైటు, లోపల ఒక బ్యాటరీ ఉంటాయి. గిటారు వైరును దాంట్లోంచి పంపిస్తే చాలు, నిమ్మళంగా ఉన్న నాదం కాస్తా గరగరలాడుతూ, బుసలు కొడుతూ, కిటికీ తలుపులు అదిరేలా బయటికొస్తుంది. విదేశాల్లో పేరున్నవాళ్లు వాడే అసలు పెడల్ కొనాలంటే ఉన్న బండి అమ్ముకోవాలి. దానికి అచ్చు గుద్దినట్టుండే నకలు కొనాలంటే పెళ్లానికి చెప్పకుండా ఉంటే చాలు. అసలుకీ నకలుకీ తేడా చూపించే వీడియోలు ఇస్సాకు కళ్లు ఎర్రబడేదాకా చూశాడు. మామూలు గిటారు ఫజ్‌లు బేస్‌లోని లోతును మింగేస్తాయని, బేస్ కోసం చేసినవాటిలో ఆ లోతును కాపాడే బటన్ ఒకటి ఉంటుందని నేర్చుకున్నాడు. ఆకుపచ్చ రంగుది తెప్పించాడు. పార్సిలు చూసి ప్రియదర్శిని "ఏందది" అంటే "వైరు" అన్నాడు.

ఇక ఆదివారం సంగతికి వద్దాం. ఇస్సాకు చర్చిలో అడుగుపెట్టేసరికి నారమ్మ అప్పుడే బండలు కడిగి వెళ్లింది. చర్చి ఊడ్చేదీ, తాళాలు వేసేదీ, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ముందుగా ప్రార్థన చేసేదీ ఆమే. నేలంతా నీళ్లు. కొత్త పెడల్‌ను ఆ తడిలో పెట్టడానికి ఇస్సాకుకు ప్రాణం ఒప్పలేదు. చుట్టూ చూశాడు. వేదిక ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల ఒకటి ఖాళీగా, పొడిగా కనపడింది. పెడల్‌ను దాని మీద పెట్టాడు.

ఆ బల్ల గురించి ఒక మాట చెప్పాలి. కోత పండుగ నాడు చర్చివాళ్లందరూ తమ పంటలో మొదటి భాగం తెచ్చి దాని మీద పెడతారు. అల్లం, చెరుకు గడలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, పొలం లేనివాళ్లైతే బిందో చీరో. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక వాటిని వేలం వేస్తారు. బల్ల మీదికి ఎక్కింది ఏదైనా సరే దేవునిది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఎవరూ అడగరు. ఇచ్చినవాడి పేరు బయటపడకూడదని పాతకాలం నుంచీ కట్టుబాటు. ఒక ఏడు నారమ్మ తాళంచెవుల గుత్తి ఆ బల్ల మీద మరిచిపోతే, ఆమె కూడా వేలంలో పాడుకునే తెచ్చుకుంది. ఇవన్నీ ఇస్సాకుకు తెలుసు. కానీ పొద్దున్నే ఖాళీగా ఉన్న బల్ల అతనికి వట్టి బల్లలాగే కనపడింది.

వైర్లు తగిలించాడు. బేస్ మెడలో వేసుకున్నాడు. పెడల్ బటన్‌ను చేత్తోనే నొక్కి, అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటాడు.

చర్చి దద్దరిల్లింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పోర్టికో కింద పడుకున్న కుక్కలు లేచి హైవే దాటి పరిగెత్తాయి. నారమ్మ చీపురుతో సహా లోపలికి దూసుకొచ్చి, మెరిసే ఎర్ర లైటునూ ఆకుపచ్చ డబ్బానూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆమె వెనకే మైక్‌సెట్టు చందర్ వచ్చాడు. ఊళ్లో పెళ్లిళ్లకూ పండుగలకూ మైకులు పెట్టేది అతనే. ఆ రోజు పెట్టిన రెండు సౌండ్ బాక్సులూ సరికొత్తవి, వాటికి అదే మొదటి గిరాకి.

"పోయింది" అన్నాడు చందర్, బాక్సు ముందు మోకాళ్ల మీద కూలబడి. "నా కొత్త బాక్సు చిరిగిపోయింది."

"చిరగలేదన్నా. సప్పుడు గట్లనే రావాలె."

"చిరిగిన బాక్సు లెక్కన రావాల్నా?"

"అవునన్నా. గట్ల రావాలనే నేను గీ పెడల్ కొన్న."

చందర్ బాక్సు మీద చెయ్యి వేసి నిమిరాడు. "చిరిగిన బాక్సులు మా షాపుల ఊకెనే పడి ఉన్నయ్ కద తమ్మీ. నన్నడిగితే ఒకటిస్తుంటి."

ఆ తర్వాత ఇస్సాకు ఏం చెప్పినా అతని చెవికెక్కలేదు. మనిషి కావాలని సౌండు పాడుచేసుకుంటాడంటే మైక్‌సెట్టువాడు ఎట్లా నమ్ముతాడు? ఇస్సాకు తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడనే అనుకున్నాడు. వైర్లు పీకి, ఒక బాక్సును ఆటో ట్రాలీలో వేసుకుని షాపుకు బయలుదేరాడు. ఇస్సాకుకు పై ప్రాణాలు పైనే పోయాయి. మిగిలిన ఒక్క బాక్సులో కీబోర్డూ మైకులే సరిగా వినపడవు, ఇక బేస్ మాట దేవుడెరుగు. గిటారును స్తంభం వెనక నిలబెట్టి ఆటో వెంట పరిగెత్తాడు. ఆ కంగారులో పెడల్ బల్ల మీదే ఉండిపోయింది.

షాపులో చందర్ బాక్సు జాలీ ఊడదీశాడు. లోపల చిరుగు లేదు. టార్చి వేసి చూశాడు, వేలితో తడిమి చూశాడు, చెవి పెట్టి తట్టి చూశాడు. చిరుగు లేకపోయేసరికి అతనికి ఇంకా భయం పట్టుకుంది. కనపడే రోగమైతే మందు వేయొచ్చు, కనపడని రోగానికి ఏం చేయాలి? "లోపల్నుంచి పోయినట్టున్నది" అంటూ మొత్తం విప్పసాగాడు. ఇస్సాకు బతిమిలాడాడు, ఒట్టు పెట్టాడు, ఫోను తీసి వీడియో చూపించాడు. వీడియోలో గరగర విని చందర్, "సూడు, ఆయన బాక్సు కూడ చిరిగింది" అన్నాడు.

చివరికి మరలన్నీ బిగించి బాక్సుతో తిరిగి వచ్చేసరికి ఆరాధన అయిపోయింది, వేలం సగంలో ఉంది. బల్ల మీద అల్లం కుప్పలూ గుమ్మడికాయలూ చాలావరకు అమ్ముడుపోయాయి. వేలం పాడించేది జగన్‌మోహన్ గారే. ఆయన గుమ్మడికాయల సందులోంచి ఆకుపచ్చ డబ్బా ఒకటి తీసి, కళ్లద్దాలు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. గుమ్మం దగ్గర ఇస్సాకు ఆగిపోయాడు.

"ఇదేందో ఎవరికన్న ఎరికేనా?" అన్నారు జగన్‌మోహన్ గారు.

ఎవరికీ తెలియలేదు. నారమ్మ ఒక్కతే లేచి నిలబడింది. "నాకెరికే సారూ. పొద్దుగాల అది మొత్తుకుంటుంటే నా రెండు కండ్లతోని చూసిన. మన కుక్కలు రోడ్డు దాటి ఉరికినయ్. ఇంగ వాపస్ రాలే."

వెనక బెంచీలో చెన్నబసప్ప ఉన్నాడు. మొగుడంపల్లి దగ్గర అల్లం, చెరుకు పండించే లింగాయతు రైతు. చర్చి మనిషి కాకపోయినా ఏటేటా వేలానికి వచ్చి కోళ్లు పాడుకుపోతాడు. ఈ ఏడు అడవిపందులు అతని చెరుకుతోటలో పడి సగం నేలమట్టం చేశాయి. అతను మెల్లగా లేచాడు.

"కుక్కలు ఉరికినయంటే పందులు కూడ ఉరుకుతయ్ కద సార్?"

జగన్‌మోహన్ గారు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా నాకు తెలియదు అనలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకంటారు? "పందుల మిషనే ఇది" అన్నారు గంభీరంగా. "మూడు బటన్లు ఉన్నయ్ చూడున్రి. ఒకటి చిన్న పందులకు, ఒకటి పెద్ద పందులకు, ఇంకోటి దూరముండే పందులకు."

చర్చిలో కలకలం మొదలైంది. కోహీర్ వైపు నుంచి వచ్చిన రైతులు మెడలు సాచారు. వేలం పాట మొదలైంది. ఇస్సాకు అది నాది అందామంటే, ప్రార్థన చేసిన వస్తువును అడ్డగించినవాడవుతాడు. పైగా ఆడవాళ్ల వైపు మూడో వరసలో ప్రియదర్శిని కూర్చుని ఉంది. నారమ్మ తాళాలు గుర్తొచ్చాయి. ఇంకేం తోచక అతనూ చెయ్యెత్తి పాట పాడాడు.

అందరూ వెనక్కి తిరిగారు. "నువ్వా? నీకెందుకు పందుల మిషను?" అన్నారు జగన్‌మోహన్ గారు.

"కావాలె సార్. జర అవసరమున్నది."

"పొలం లేనోనికి ఏం అవసరం? పొలం గిట్ల కొన్నవా ఏంది?"

ఇస్సాకు మొహం మీద చెమట తుడుచుకోవడానికి తల వంచాడు. దాన్ని చర్చి చర్చంతా అవుననే అర్థం చేసుకుంది. ఆడవాళ్ల వైపు గుసగుసలు అలలా పాకాయి. ప్రియదర్శిని మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత సంతోషం, ఆ తర్వాత అసలైన కోపం వరసగా కనిపించాయి. ఇస్సాకు వాటిని లెక్కచేసే స్థితిలో లేడు. చెన్నబసప్ప పాట పెంచాడు. ఇస్సాకు పెంచాడు. పొలంలేనివాడే ఇంత పట్టుపడుతున్నాడంటే మిషను మామూలుది కాదని చెన్నబసప్పకు నమ్మకం కుదిరింది. ఇంకా పెంచాడు. ఇస్సాకు జేబు తడుముకుని చెయ్యి దించేశాడు. పెడల్ చెన్నబసప్ప కండువాలో మూటగా చుట్టుకుని మొగుడంపల్లికి వెళ్లిపోయింది.

పండుగ భోజనం దగ్గర ఇస్సాకు ప్లేటు పట్టుకుని నిలబడితే వచ్చేపోయేవాళ్లు భుజం తడుతున్నారు. బోరుందా అని ఒకరు, నల్లరేగడా ఎర్రనేలా అని ఒకరు. అయ్యగారైతే వచ్చే వారం అందరి ముందు నిలబడి, దేవుడు పొలమెట్లా ఇచ్చాడో సాక్ష్యం చెప్పమన్నారు. ఏమని చెప్పాలో ఇస్సాకుకు అర్థం కాలేదు. ప్రియదర్శిని అతన్ని వేపచెట్టు పక్కకు లాక్కుపోయింది.

"ఎవరి పేరు మీద కొన్నవ్?"

"ఏం కొనలే. అది పందుల మిషను కాదు. నా గిటారు పెడల్. పార్సిల్ల వచ్చిందే అది."

"పార్సిల్ల వైరొచ్చిందంటివి."

"అప్పుడు అబద్ధం చెప్పిన."

"మరి ఇప్పుడు నిజం చెప్తున్నవని నాకెట్ల తెలుస్తది?" అంది ప్రియదర్శిని. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మీ అమ్మ పేరు మీద కొన్నవ్ కద. చెప్పు పర్వాలేదు."

అతను ఏదో అనబోతుండగా జగన్‌మోహన్ గారు ఫోను చేతిలో పట్టుకుని వచ్చారు. చెన్నబసప్ప చేశాడట. మిషను నొక్కితే లైటు వస్తోంది, సప్పుడు రావడం లేదు. దేవుని సొమ్ము కాబట్టి ఏమీ అనలేకపోతున్నాడు కానీ బాధపడుతున్నాడు. "నువ్వు కూడ పాట పాడినవంటే నీకు దాని సంగతి ఎరికే ఉంటది. పోయి చూసిరా బిడ్డా. చర్చికి మాట రావద్దు. కానీ ఆరింటికల్ల ఇక్కడుండాలె. లేకుంటే కృప టీచరు ఎడమచెయ్యి తయారుగ ఉన్నది."

ఇస్సాకుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పెడల్‌ను చేతిలోకి తీసుకునే అవకాశం దేవుడే ఇచ్చాడనుకున్నాడు. గిటారు భుజానికి తగిలించుకుని, బాక్సు ఇంకా దించని చందర్ ఆటో ట్రాలీ ఎక్కాడు. చందర్ అడగకుండానే వస్తానన్నాడు. బాక్సు మంచిదో కాదో తేలేదాకా అతనికి కూడు సయించేటట్టు లేదు. ఎక్కడైనా, ఎవరి పొలంలోనైనా సరే, ఇంకోసారి మోగించి చూడాలని ఉంది. మొగుడంపల్లి రోడ్డు పట్టిన ఆ ఆటోను ప్రియదర్శిని చర్చి గేటు దగ్గర నిలబడి చూసింది. పొలం ఎటువైపుందో ఆమెకు అర్థమైపోయింది. నారమ్మను పిలిచింది.

చెన్నబసప్ప పొలంగట్టు మీద ఒక బండరాయి, దాని మీద పెడల్, దాని ముందు గోడలా చెరుకుతోట. ఎర్ర లైటు వెలుగుతోంది. చెన్నబసప్ప దిగాలుగా గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎంత తొక్కినా నోరు తెరుస్తలేదు. ఉల్టా లైటు చూసి ఒక పంది దగ్గరికొచ్చి మూచూసి పోయింది" అన్నాడు.

"అది ఒక్కతే మోగది పటేలా. దానికి గిటారు తగిలియ్యాలె, బాక్సు తగిలియ్యాలె, మనిషి వాయియ్యాలె."

"హౌదా? అట్లనా? మరి సార్ చెప్పలేదేంది?"

"సార్‌కు తెల్వదు."

ఆ మాట చెన్నబసప్పకు మింగుడుపడలేదు. హెడ్‌మాస్టరుకు తెలియకపోవడమేమిటి? ఇస్సాకును కాస్త అనుమానంగానే చూశాడు. ఈలోగా చందర్ ఆటోలో బాక్సు తిప్పి పెట్టి, బోరు మోటారు దగ్గరి నుంచి కరెంటు లాగాడు. ఇస్సాకు వైర్లు కలిపాడు. ఒకసారి వాయించి చూపిస్తే, ఇది తన పనికి రాదని పటేలుకు తెలిసిపోతుంది, పెడల్ తిరిగిచ్చేస్తాడు, ఆరింటికల్లా చర్చిలో ఉండొచ్చు. అదీ అతని లెక్క. బటన్ మీద కాలు పెట్టి నొక్కాడు. సాయంత్రం కోసం నెల రోజులుగా సాధన చేసిన పాటనే ఎత్తుకున్నాడు.

మొదటి నాదానికే చెరుకాకులు వణికాయి. గోడలు లేని చోట ఆ శబ్దం ఎక్కడా ఆగలేదు, పొలాల మీదుగా దొర్లుకుంటూ పోయింది. ఇస్సాకు కళ్లు మూసుకున్నాడు. డ్రమ్ములు లేవు, కీబోర్డు లేదు, తన మీద ఇంకెవరూ లేరు. జీవితంలో మొదటిసారి తను వాయించేది తనకే పూర్తిగా వినపడింది. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రెండో చరణంలో ఉండగా చెరుకుతోట లోపల పెద్ద అలజడి లేచింది. గడలు విరుగుతున్న చప్పుడు. ఒక లావుపాటి పంది, దాని వెనక ఇంకోటి, వాటి వెనక పిల్లలు, తోట చీల్చుకుని బయటపడి, కాలువ దూకి, కర్ణాటక దిక్కుకు పరుగందుకున్నాయి. ఒక్కటీ వెనక్కి చూడలేదు.

"నా బాక్సు మంచిగున్నది" అన్నాడు చందర్, బాక్సును కౌగిలించుకుని. అతనికి పందులు కనపడనే లేదు.

పక్క పొలాల రైతులు ఒక్కొక్కరే గట్టు మీదికి చేరారు. ఇంకోసారి, అటు తోట వైపు కూడా అన్నారొకరు. మా అల్లం వైపు అన్నారింకొకరు. బాక్సు అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి, ఇస్సాకు వాయిస్తూనే ఉన్నాడు. ఇంకా వాయించు అని అతన్ని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండలేదు. కాదనడం ఎట్లాగో అతనికి తెలియలేదు.

అప్పుడే ప్రియదర్శినీ నారమ్మా ఆటో దిగారు. గట్టు మీద అంతమంది రైతుల మధ్య ఇస్సాకు నిలబడి ఉండటం చూసి ఇదే పొలమని ఇద్దరికీ రూఢి అయిపోయింది. నారమ్మ ఇంకెవర్నీ అడగలేదు. చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని, చేతులు చాచి ప్రార్థన మొదలుపెట్టింది. పందులు పోయినందుకు స్తుతి చెల్లిస్తోందనుకుని చెన్నబసప్ప కూడా చెప్పులు విడిచి భక్తిగా చేతులు జోడించాడు.

"ఈ భూమిని నీ బిడ్డ ఇస్సాకు చేతికిచ్చినవు తండ్రీ, నీకు స్తోత్రం. ఈ నాలుగు గట్ల నడుమ ఉన్నదంత ఆయనకు, ఆయన పిల్లలకు..."

చెన్నబసప్ప ఒక కన్ను తెరిచాడు. "ఎవరి చేతికిచ్చిండమ్మా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇస్సాకు గట్టు మీద నిలబడి మొత్తం చెప్పేశాడు. జగన్‌మోహన్ గారి మాట, నకలు పెడల్, వైరని ఆడిన అబద్ధం, తడి నేల, బల్ల, వేలం. ప్రియదర్శిని పెడల్ దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"అయితే పొలం లేదు?"

"లేదు."

"ఆటోల వస్తుంటే దూరంకెల్లి ఇనబడ్డది. ఆ సప్పుడు నువ్వు చేసిందేనా?"

"అవును."

"పెండ్లయినకాడ్నుంచి నువ్వు వాయించేది ఇయ్యాలనే ఇన్న" అంది ఆమె. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అయినా గొంతు మెత్తబడింది. "చెప్తే నేను వద్దంటనా? చెప్పకుండ కొంటే వద్దంట గని."

చెన్నబసప్ప గడ్డం గోక్కున్నాడు. మనిషి లేకుండా మిషను మోగదు. మనిషి దగ్గర మిషను ఉంటే తన తోట దక్కుతుంది. అతనికి తోచిన న్యాయం అతను చెప్పాడు. "మిషను నువ్వే ఉంచుకో ఇస్సాకూ. ఆ మూలకు ఉన్న అల్లం మడి నువ్వూ నీ ఇంటామె చేసుకోన్రి. పంట చెరిసగం. పందులొచ్చినప్పుడు మాత్రం వచ్చి పాట పాడాలె." నారమ్మ తృప్తిగా తల ఊపింది. తన ప్రార్థన ఇంత తొందరగా పనిచేయడం ఆమెకు కొత్తేమీ కాదు.

ప్రియదర్శిని అప్పటికే మడి వైపు నడిచి మట్టి చేతిలోకి తీసుకుంటోంది. ఇస్సాకు పడమటి వైపు చూశాడు. పొద్దు గుంకింది. ఫోను తీసి చూస్తే ఆరు ఎప్పుడో దాటిపోయి ఏడు కావస్తోంది. ఇప్పుడు బయలుదేరినా చర్చిలో చివరి పాట కూడా దొరకదు. నెల రోజుల ఆరాటం, ఇన్నేళ్ల బేస్, అన్నీ పందుల పాలయ్యాయి. గట్టు మీద కూలబడి పెడల్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. చందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఫికర్ చేయకు తమ్మీ" అన్నాడు కానీ ఎందుకు చేయకూడదో చెప్పలేకపోయాడు.

ఫోను మోగింది. జగన్‌మోహన్ గారు. ఎత్తాలా వద్దా అని ఇస్సాకు కాసేపు తటపటాయించాడు. ఎట్లాగూ వినక తప్పని మాటే కదా అని ఎత్తాడు.

"సార్, జర లేటయింది. నేను..."

"నువ్వేం మాట్లాడకు ఇస్సాకూ, నేను చెప్పేది ఇను. ఇయ్యాల నాకు ఇనబడ్డది." ఆయన గొంతు గద్గదంగా ఉంది. "మొదటి పాటకెల్లి ఆఖరి పాటదాక ప్రతి మెట్టు ఇనబడ్డది బిడ్డా. నేను పాడుకుంటనే కండ్లు మూసుకుని ఇన్న. కీబోర్డుల ఎంత బేసున్నా మిషన్ మిషనే. మనిషి చెయ్యి మనిషి చెయ్యే. ఆ తేడా నాకు ఇయ్యాల తెలిసొచ్చింది. కృప టీచరుకు ఎట్ల చెప్పాల్నో నేను చూసుకుంట. ఆ జాగ నీదే."

ఇస్సాకు మధ్యలో ఒక్కసారి "సార్" అన్నాడు, అది ఆయనకు వినపడలేదు. పాడేటప్పుడు ఆయన బ్యాండు వైపు తిరిగి చూడరని, స్తంభం వెనక ఎవరున్నారో ఎవరు లేరో ఆయనకు ఎప్పుడూ తెలియదని ఇస్సాకుకు గుర్తొచ్చింది. ఆయన విన్నది కృప టీచరు ఎడమచేతినే. సంతోషించాలో ఏడవాలో తెలియక ప్రియదర్శిని వైపు చూశాడు. ఆమె మడి నుంచి అల్లం మొక్క ఒకటి పీకి వాసన చూస్తోంది.

వచ్చే ఆదివారం కూడా అచ్చం ఇట్లాగే వాయించాలని జగన్‌మోహన్ గారు గట్టిగా చెప్పారు. ఇస్సాకు సరేనన్నాడు.